బుడ్డోడి గొంతు పాడవలేదు

చి. చిన్నికి, బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేను, అమ్మమ్మ, మీరు వదిలి వెళ్లిన ఫించ్ పిట్టలు అందరం క్షేమం.

మొన్న వీడియో కాల్‌లో పంజరం చూపించగానే, "తాతయ్యా, బుడ్డోడికి గొంతు పాడైందా? వాళ్ల నాన్నలా పాడట్లేదేంటి?" అని అడిగావు కదా చిన్నీ. ఫోన్‌లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

వాడి గొంతుకేం కాలేదు. గుడ్డులోంచి బయటపడి ఇవాళ్టికి 48 రోజులు, కేలెండర్ మీద సున్నా చుట్టి పెట్టాను. ముక్కుకి నలుపు ఇంకా పూర్తిగా వదల్లేదు. పొద్దున్నే నాన్నపిట్ట బొమ్మ బూర ఊదినట్టు పాట అందుకోగానే వీడు ఎగిరొచ్చి, రెక్క తగిలేంత దగ్గరగా కూర్చుంటాడు. కిక్కురుమనడు. మధ్యాహ్నం ఇల్లంతా సద్దుమణిగాక మూలకి పోయి, గోడవైపు తిరిగి, గొంతు కింద ఈకలు వణుకుతుండగా ఏదో గొణుక్కుంటాడు. ఒకసారి గొణిగినట్టు ఇంకోసారి గొణగడు. మీకు వినిపించింది అదే.

ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈ జీబ్రా ఫించ్‌లలో మగపిల్ల ముందు నాన్న పాటని తలలో దాచుకుంటుంది. తర్వాత తన గొంతులోంచి వచ్చేదాన్ని దానితో సరిచూసుకుంటూ పోతుంది. 1965లో మసకాజు కొనిషి అనే శాస్త్రవేత్త వేరే జాతి పిచ్చుకల మీద ఒక ప్రయోగం చేశాడు. పెద్దల పాట విన్న పిల్లలకి, ఇంకా పాడటం మొదలుపెట్టక ముందే వినికిడి లేకుండా చేశాడు. అవి ఆ పాట ఎప్పటికీ పాడలేకపోయాయి. తమ గొంతు తమకి వినపడకపోతే సరిదిద్దుకునేదెలా? ఆ పని తలుచుకుంటే నాకు మనసొప్పదు, కానీ దానివల్ల తెలిసింది చిన్న సంగతి కాదు.

ఇక మెదడు. 1976లో న్యూయార్క్‌లో ఫెర్నాండో నొట్టెబామ్, ఆయన తోటివాళ్లు కెనరీ పిట్టల్లో పాటకోసమే ఉన్న మెదడు భాగాలని గుర్తించారు. వాటిలో ముఖ్యమైనదాన్ని హెచ్.వి.సి. అంటారు. ఆ అక్షరాలకి మొదట్లో ఒక పొడుగాటి పేరుండేది. అది తప్పని తేలాక పేరు తీసేసి అక్షరాలు మాత్రం ఉంచేశారు. సినిమా హాలు మూతపడినా ఆ సెంటర్‌ని పాత పేరుతోనే పిలుస్తాం చూడండి, అలాగ. అక్కడినుంచి ఆర్.ఏ. అనే ఇంకో భాగానికి, అక్కడినుంచి కింది నరాలకి, చివరికి ఛాతీలో ఊపిరిగొట్టం రెండుగా చీలేచోట ఉన్న స్వరపేటికకి కబురు వెళ్తుంది. మనకి గొంతులో ఉన్నది వాటికి అంత లోపల ఉంటుంది.

2002లో మైఖేల్ ఫీ, ఆయన తోటి పరిశోధకులు పాడుతున్న ఫించ్ హెచ్.వి.సి.లో ఒక్కో కణాన్ని విడిగా గమనించారు. ఆర్.ఏ.కి కబురు పంపే కణం పాట వరస పాడిన ప్రతిసారీ ఒకే ఒక్కసారి, సెకనులో వెయ్యోవంతులు ఓ ఆరు పాటు మిణుక్కుమని ఊరుకుంటుంది. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత మరోటి. సీమటపాకాయల దండ అంటించినట్టే. 2008లో ఆ భాగాన్ని కొద్దిగా చల్లబరిచి చూశారు. స్వరాల వరస ఏమాత్రం మారలేదు, పాట మొత్తం నెమ్మదించింది. ఆర్.ఏ.ని చల్లబరిస్తే అలా జరగలేదు. అంటే పాట లయ హెచ్.వి.సి. చేతిలో ఉందన్నమాట.

ఇప్పుడు అసలు నీ ప్రశ్నకి వస్తాను చిన్నీ. పాట నేర్చుకోవడానికి పిట్ట మెదడులో రెండో దారి ఒకటుంది. దాని చివర ఉన్న చిన్న భాగం పేరు ఎల్‌మాన్. 2005లో కూనపిట్టల్లో దాన్ని కాసేపు పనిచేయకుండా ఆపారు. తడబాటు తగ్గిపోయి, గొణుగుడు ప్రతిసారీ ఒకేలా రావడం మొదలైంది. నేను ఇది చదివి రెండుసార్లు వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను. బుడ్డోడు ఒకసారికీ ఇంకోసారికీ తేడాగా పాడుతున్నది చేతకాక ఒక్కటే కాదు. ఆ తేడాలు పుట్టించడానికి వాడి తలలో ప్రత్యేకంగా ఒక చోటుంది! రకరకాలుగా పాడితేనే కదా అందులో నాన్న పాటకి దగ్గరగా వచ్చిందేదో తెలిసేది.

దగ్గరైందో లేదో లోపల ఎవరు చెబుతారు? 2016లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు పాడుతున్న ఫించ్‌కి మధ్యలో అపశ్రుతి వినిపించారు. డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని విడుదల చేసే కణాల జోరు చప్పున తగ్గింది. అపశ్రుతి వస్తుందనుకున్నచోట రాకపోతే ఆ జోరు పెరిగింది. అమ్మమ్మ సంగీతం పాఠం చెప్పేటప్పుడు నోటితో ఏమీ అనకుండా కనుబొమ్మ ఎగరేస్తుందే, బుజ్జి మళ్లీ మొదటినుంచి అందుకుంటాడే, అలాంటిది.

మీ అమ్మపిట్ట పాడదు. ఈ జాతి ఆడపిట్టల్లో ఆ పాట భాగాలు బాగా చిన్నవి. (అన్ని జాతుల్లో అలా కాదు, ఆడపిట్టలు పాడే జాతులు బోలెడు.) కానీ వినడంలో గట్టిది, తన జోడు పాటని వేరే మగపిట్టల పాటల్లోంచి పోల్చుకోగలదు.

ఒకటి చెబితే బుజ్జి నవ్వుతాడు. మన కవులు నెత్తిన పెట్టుకున్న కోయిల ఈ పాట పిట్టల వంశంలోది కాదు, కాకి మాత్రం ఆ వంశంలోదే! కాకి గూట్లో పెరిగినా మగ కోయిల పెద్దయ్యాక కూహూ అనే అంటుంది, దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. అదే ఫించ్ పిల్లని వేరే జాతి ఫించ్‌లు పెంచితే, పెంచిన నాన్న పాటే నేర్చుకుంటుంది. అందుకే బుడ్డోణ్ణి ఇప్పుడే వేరే పంజరంలో పెట్టొద్దన్నాను.

90 రోజులు నిండేసరికి పాట కుదురుకుంటుంది, ఆ తర్వాత పెద్దగా మారదు. దసరా సెలవులకి మీరొచ్చేసరికి సరిపోతుంది. మొన్నటి వీడియో చెరిపేయకండి, రెండూ పక్కపక్కన పెట్టి విందాం.

ఉంటాను. అమ్మమ్మ కొర్రలు పోసేసింది, పంజరం మీద గుడ్డ కప్పే వేళైంది. నిద్రపోతున్న ఫించ్ మెదడులో పగటి పాట తాలూకు మిణుకులే మళ్లీ కనిపించాయని 2000లో షికాగోలో చూశారు. అందుకే ఈ మధ్య తొమ్మిది దాటాక టీవీ సౌండ్ తగ్గించేస్తున్నాం. మీ అమ్మమ్మ సీరియల్‌కి ఇబ్బందే, అయినా ఒప్పుకుంది.

మీ
తాతయ్య