మెయిన్ ఆపినా ఆగని కరెంటు: ఇంటి సోలార్ పనిలో అపోహలు, వాస్తవాలు

పోయిన వేసవిలో నరసరావుపేట దగ్గర ఒక ఊరికి పనిమీద వెళ్ళాను. ఇంటాయన చేతిపని తెలిసిన మనిషి. ఇంటి వైరింగంతా సొంతంగా చేసుకున్నాడు, చూస్తే నాకే ముచ్చటేసింది. డాబా మీద రెండు ప్యానెళ్ళ మధ్య కనెక్టరు వేడెక్కి కరిగిందని ఫోన్ చేశాడు. నేను చేరేసరికి కింద మెయిన్ ఆపేసి, పైకెక్కి, కటింగ్ ప్లయర్ పట్టుకుని ఆ తీగ పక్కనే కూర్చుని ఉన్నాడు. "మెయిన్ ఆపేశానన్నా, భయమేం లేదు" అన్నాడు. టైము మిట్టమధ్యాహ్నం. ఆరు ప్యానెళ్ళు వరసగా కలిపి ఉన్నాయి, అంటే ఆ తీగల్లో 300 వోల్టులకు కాస్త అటూ ఇటూ. ఆ ప్లయర్ ఆయన చేతిలోంచి తీసుకునేదాకా నాకు ఊపిరి ఆడలేదు.

పద్నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఇంటి పని సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్ళంటే నాకు చిన్నచూపు లేదు, నేనూ అలా మొదలైనవాణ్ణే. కానీ అందరి నోటా వినిపించే కొన్ని మాటలు ఉన్నాయి, వాటి సంగతి చెప్పాలి.

అపోహ: ఇంటి వైరింగ్ వస్తే సోలార్ వచ్చినట్టే

నిజానికి వైరింగ్ బాగా వచ్చినవాళ్ళకే ఇక్కడ ఎక్కువ ప్రమాదం. ఏళ్ళ తరబడి చేతికి పట్టిన అలవాట్లు ఉంటాయి. ఇంట్లో ఉండే ఏసీ కరెంటుకి, అంటే దిశ మార్చుకుంటూ పారే కరెంటుకి, అవన్నీ సరైనవే. ప్యానెల్ నుంచి వచ్చేది ఒకే దిశలో పారే డీసీ. అక్కడ అవే అలవాట్లు మోసం చేస్తాయి.

మొదటి అలవాటు మెయిన్ ఆపడం. సూర్యుడికి మెయిన్ లేదు. ప్యానెల్ డీసీని ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఆపినా, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఆపినా, వెలుతురు పడినంతసేపూ ప్యానెల్ తీగల్లో వోల్టేజీ ఉంటుంది. మబ్బు పడితే ఆంపియర్లు బాగా తగ్గుతాయి కానీ వోల్టేజీ పెద్దగా తగ్గదు. "మబ్బుగా ఉంది కదా, ఇప్పుడే చేసేద్దాం" అనే ధైర్యం అందుకే పనికిరాదు.

తర్వాత రంగు. ఇంటి వైరింగ్‌లో నలుపు అంటే న్యూట్రల్, ముట్టుకుంటే ఏమీ కాదని చేతికి అలవాటు. సోలార్‌లో ఎరుపు ప్లస్సు, నలుపు మైనస్సు. ఆ నలుపు తీగ కూడా ఎరుపంత ప్రమాదమే.

టెస్టర్ సంగతీ అంతే. జేబులో పెట్టుకునే నియాన్ టెస్టర్‌ని ఏసీ కోసం చేశారు. ప్యానెల్ డీసీలో అది వెలగకపోతే కరెంటు లేదని కాదు. తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్, చాలామంది దగ్గరుండే మామూలు రకం, కూడా డీసీ ఆంపియర్లను చూడలేదు. తీగలో పదమూడు ఆంపియర్లు పారుతున్నా సున్నా చూపిస్తుంది. డీసీ కొలిచే క్లాంప్ మీటరుకి కాస్త ఎక్కువ పెట్టాలి. ఈ పని చేయాలనుకునేవాళ్ళు మొదట కొనాల్సింది అదే.

అసలు గొడవ ఎంసీబీతో, అంటే కరెంటు మోతాదు దాటితే దానంతట అదే పడిపోయే స్విచ్చుతో. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకి వచ్చి పోతుంది, అందుకే స్విచ్చు తీసినప్పుడు పుట్టే నిప్పురవ్వ దానంతట అదే ఆరిపోతుంది. డీసీ సున్నాకి రాదు. 300 వోల్టుల దగ్గర ఒకసారి ఆర్క్, అంటే ఆరని నిప్పురవ్వ, లేచిందంటే వెల్డింగ్ చేసినట్టే, మధ్యలో ఉన్న ప్లాస్టిక్‌నీ రాగినీ కరిగించుకుంటూ పోతుంది. ఏసీ ఎంసీబీని డీసీ వైపు పెడితే, తీసినప్పుడు అది లోపలే తగలబడుతుంది. కొన్ని డీసీ ఎంసీబీలకు ప్లస్సు, మైనస్సు గుర్తులుంటాయి. అవి తిప్పి బిగించినా అదే గతి.

ఇంకో తిరకాసు. ఇంట్లో షార్ట్ అయితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి, ఎంసీబీ పడిపోతుంది. ఇప్పుడొస్తున్న 540 వాట్ల ప్యానెల్ మామూలుగా పనిచేసేటప్పుడు ఇచ్చేది సుమారు 13 ఆంపియర్లు. పూర్తిగా షార్ట్ చేస్తే? సుమారు 14. ఒకటే వరస ఉన్న ఇంట్లో 16 ఆంపియర్ల ఎంసీబీ పెట్టుకుని షార్ట్ అయితే పడిపోతుందిలే అనుకుంటే, అది సాయంత్రం దాకా పడదు.

కాబట్టి ఆపే వరస గుర్తుంచుకోండి. ముందు ఏసీ వైపు, ఆ తర్వాత డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ళని ఇన్వర్టర్ నుంచి విడదీసే స్విచ్చు), తర్వాత మీటర్ పెట్టి తీగలో ఆంపియర్లు సున్నా అని చూసుకుని, అప్పుడే కనెక్టర్ మీద చెయ్యి. లోడులో ఉండగా, అంటే కరెంటు పారుతుండగా, కనెక్టర్ లాగకూడదు. నరసరావుపేట ఆయన ఇంట్లో కరిగిన కనెక్టర్ సంగతి చెప్పనే లేదు కదా: ఒక కంపెనీ మగది, ఇంకో కంపెనీ ఆడది కలిపారు. టిక్కుమని చక్కగా పట్టేసింది, లోపల మాత్రం సరిగ్గా ఆనలేదు. పైగా తీగని క్రింపింగ్ పనిముట్టుతో కాకుండా ప్లయర్‌తో నొక్కారు. ఇళ్ళలో నేను చూసిన కాలిన సోలార్ జాయింట్లలో ఎక్కువ భాగం ఈ రెండు కారణాల వల్లే.

అపోహ: సోలార్ పెడితే కరెంటు పోయినా ఇల్లంతా వెలుగే

ఈ మాట నమ్మి పెట్టించుకుని, మొదటిసారి కరెంటు పోగానే నన్ను తిట్టినవాళ్ళు ఉన్నారు. పంపిన, వాడిన యూనిట్లు రెండూ లెక్కించే నెట్ మీటర్‌తో లైనుకి కలిపే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, లైన్లో కరెంటు పోతే రెండు సెకన్లలోపే ఆగిపోతుంది. అది లోపం కాదు, కావాలనే అలా చేస్తారు. అది ఆగకపోతే మీ డాబా మీద కరెంటు వీధి లైన్లోకి ఎక్కి, స్తంభం మీద ఉన్న లైన్‌మ్యాన్ ప్రాణం తీస్తుంది. కరెంటు పోయినప్పుడూ కావాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టించుకోవాలి. ఖర్చు ఎక్కువే.

రెండు చివరలా ప్లగ్గు ఉన్న వైరుతో జనరేటర్‌నో చిన్న ఇన్వర్టర్‌నో గోడ సాకెట్లో గుచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ వైరు ఇవాళే కత్తిరించి పారేయండి.

అపోహ: ఎండ మండేకొద్దీ కరెంటు ఎక్కువ వస్తుంది

ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. దాని మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టినవి. రెంటచింతలలో, రామగుండంలో మే నెల గాలే 45 డిగ్రీలు. ఆ టైములో ప్యానెల్ లోపల 65, 70 దాకా పోతుంది. 25 దాటాక ప్రతి డిగ్రీకి మూడో వంతు శాతం, అంతకు కాస్త ఎక్కువ పోతుందనుకోండి, మొత్తం మీద పదిహేను శాతం దాకా ఎగిరిపోయినట్టే. మా డాబా మీద ఏటా మంచి దిగుబడి మార్చిలో వస్తుంది, మేలో కాదు. రేకుల కప్పు మీద ప్యానెల్‌ని అతికించినట్టు బిగించకుండా కింద గాలి ఆడేలా ఎత్తు వదలమని చెప్పేది ఇందుకే.

నీడ సంగతి ఒక్క మాట. ప్యానెళ్ళు వరసగా కలిపి ఉంటాయి కాబట్టి నీళ్ళ ట్యాంకు నీడ ఒక మూల పడినా నష్టం ఆ మూలకే పరిమితం కాదు. కొనేముందు ఒక రోజంతా, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా, డాబా మీద నీడలు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో సుద్దముక్కతో గీసుకోండి. దీనికి ఏ ఎలక్ట్రీషియనూ అక్కర్లేదు.

అపోహ: 12 వోల్టులే కదా, ఏం చేస్తుంది

షాకు కొట్టదు, నిజమే. కానీ 800 వాట్ల లోడుకి 230 వోల్టుల తీగలో పారేది మూడున్నర ఆంపియర్లయితే, అదే లోడుకి 12 వోల్టుల బ్యాటరీ తీగలో, ఇన్వర్టర్ తినేది కూడా కలిపితే, 70 దాటుతుంది. ఇంట్లో మిగిలిన సన్న వైరు అక్కడ వాడితే కాసేపటికి వాసన వస్తుంది, ఆ తర్వాత పొగ. ఇక బ్యాటరీ రెండు టెర్మినళ్ళకీ స్పానర్ అడ్డంగా తగిలితే వందల ఆంపియర్లు. మా దగ్గర పనిచేసే కుర్రాడి ఉంగరం అలా తగిలి ఎర్రగా కాలింది, వేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఉంగరం, వాచీ, కడియం తీసేసి పని మొదలుపెట్టండి. నీళ్ళు పోసే బ్యాటరీ ఛార్జింగ్‌లో హైడ్రోజన్ అనే మండే వాయువు వదులుతుంది. అలాంటి బ్యాటరీని దేవుడి గదిలో దీపం పక్కన పెట్టిన ఇల్లు కూడా చూశాను.

అపోహ: వైరు సన్నమైతే వోల్టేజీ తగ్గుతుంది, అంతేగా

సోలార్‌లో పెరుగుతుంది! కరెంటు ఇంట్లోంచి లైన్లోకి వెళ్తుంది కాబట్టి లెక్క తిరగబడుతుంది. మూడు కిలోవాట్ల ఇన్వర్టర్ నుంచి మీటర్ దాకా 30 మీటర్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగారనుకోండి. మధ్యాహ్నం పూర్తి ఉత్పత్తిలో ఇన్వర్టర్ దగ్గర వోల్టేజీ మీటర్ దగ్గరికంటే సుమారు 6 వోల్టులు ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మర్‌కి దగ్గరున్న ఇళ్ళలో అసలే 250 దాకా వస్తుంటే, ఈ ఆరూ కలిసి ఇన్వర్టర్ వోల్టేజీ ఎక్కువైందని ఆగిపోతుంది. జనం ఇన్వర్టర్ పాడైందనుకుంటారు. అదే వైరు 6 చదరపు మిల్లీమీటర్లదైతే రెండున్నర వోల్టులతో పోతుంది.

అపోహ: ఎంసీబీ ఉంది, ఎర్త్ ఉంది, ఇంక షాకు భయం లేదు

ఎంసీబీ కాపాడేది వైరుని, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే 16 దాటాలి. మనిషి గుండె ఆగడానికి అందులో వందో వంతు చాలు. మనిషిని కాపాడేది, కరెంటు కాస్త లీకైనా పడిపోయే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. గీజరు, వాషింగ్ మెషిను, బోరు మోటారు ఉన్న ప్రతి ఇంట్లో అది ఉండాలి. అది ఊరికే పడిపోతోందని తీసేసి నేరుగా కలిపిన ఇళ్ళు లెక్కలేనన్ని. చాలాసార్లు అది ఊరికే పడదు, ఎక్కడో గీజరు కాయిలు లీకవుతుంటుంది.

ఎర్తింగ్‌కి బోరు పైపుకు తీగ చుడితే చాలనేవాళ్ళున్నారు. ఇప్పుడు బోర్లకు దించేది ప్లాస్టిక్ పైపే కదా! సాకెట్లో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ ముక్క వైరుతో కలిపేవాళ్ళు మరీ ఘోరం. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ఫ్రిజ్జు తలుపుకి ఫేజు వచ్చేస్తుంది. సోలార్‌కి మేము మూడు ఎర్త్ గుంతలు తవ్విస్తాం: పిడుగు రాడ్‌కి ఒకటి, ప్యానెళ్ళ ఫ్రేములకు, డీసీ పెట్టెకు ఒకటి, ఏసీ వైపు ఒకటి. ఉప్పు, బొగ్గు పోసిన గుంతైతే వేసవిలో నీళ్ళు పోయాల్సిందే, ఎండిన మట్టి పనిచేయదు.

అపోహ: ప్యానెల్ బరువుకి ఎక్కడికీ పోదు

540 వాట్ల ప్యానెల్ 27, 28 కిలోలు, వైశాల్యం రెండున్నర చదరపు మీటర్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్లు. అంత గాలికి ఒక్కో ప్యానెల్ మీద దాదాపు 400 కిలోల తోపు. ఇటుకలు పేర్చి నిలబెట్టేది కాదు అది. కోస్తాలో ఉన్నవాళ్ళు స్ట్రక్చర్ దగ్గర మాత్రం పిసినారితనం చేయొద్దు.

అపోహ: సామాను ఆన్‌లైన్‌లో కొని మనమే బిగించుకుని సబ్సిడీ తీసుకోవచ్చు

కుదరదు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాట్‌కి 30 వేల చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడోదానికి 18 వేలు, మొత్తం మీద 78 వేలు ఇస్తారు. లైనుకి కలిపిన సిస్టం అయి ఉండాలి, ప్యానెల్లోని సెల్స్ మన దేశంలో తయారైనవి కావాలి, నమోదైన వెండరే బిగించాలి, డిస్కం వాళ్ళు, అంటే కరెంటు పంపిణీ కంపెనీ వాళ్ళు, వచ్చి చూడాలి.

మరి మీ చేత్తో చేసుకునేదేమిటి? పొలం దగ్గర పశువుల పాకకి ఒక ప్యానెల్, ఒక బ్యాటరీ, అది మోతాదు మించి ఛార్జ్ కాకుండా చూసే ఛార్జ్ కంట్రోలర్, రెండు లైట్లు: ఇది హాయిగా నేర్చుకుంటూ చేసుకోండి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టడం మర్చిపోకండి. ఇంటి మీద పెద్ద సిస్టం ఉంటే కడగడం మీ పనే. పొద్దున్నే, ఎండెక్కకముందు, మెత్తని గుడ్డతో. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే తెల్లటి మరక గట్టిపడుతుంది, నీరు ఆరకముందే తుడిచేయండి. ఇన్వర్టర్ యాప్‌లో రోజూ యూనిట్లు రాసుకోండి. కిలోవాట్‌కి రోజుకు సగటున నాలుగు యూనిట్లు రావాలి, వారం పాటు మూడు దాటకపోతే ఎవరినైనా పిలవండి.

ఇంకొకటి, నెలకోసారి ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూడాలి. మా ఇంట్లో ఆ పని మా అమ్మాయిది. ఒకటో తారీఖు రాగానే నొక్కుతుంది, సరిగ్గా వాళ్ళ నానమ్మ సీరియల్ టైముకి.