అధ్యక్షుడి పైన అంపైర్: ఆన్‌లైన్ దేశాల ఆటల్లో మోడరేటర్ల తగువు వెనక కథ

రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల, చీపురుపల్లి వైపు ఇంజనీరింగ్ హాస్టళ్ళలో రాత్రి మెస్ కట్టేశాక కొందరు కుర్రాళ్ళు ఫోన్లలో దేశాలు ఏలుతుంటారు. సొంతంగా ఒక దేశానికి పేరు పెట్టుకుని, జెండా గీసుకుని, పన్నులు వేసి, పక్క దేశంతో ఒప్పందం రాసుకుని, కుదరకపోతే యుద్ధం ప్రకటించే ఆటలు ఇవి. వీటికీ రమ్మీ, బెట్టింగ్ లాంటి డబ్బు పందేలకూ సంబంధం లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది ఆ పందేలనే. ఇంట్లో వాళ్ళకి ఈ తేడా చెప్పి ఒప్పించడం మాత్రం ఆటలో యుద్ధం గెలవడం కంటే కష్టం.

ఈ ఆటలాడే వాళ్ళ నోట ఎక్కువగా వినపడే ఫిర్యాదు మోడరేటర్ల మీదే, అంటే ఆట సైటులో నిబంధనలు అమలుచేసే వాళ్ళ మీదే. దేశాన్ని తీసేశాడు, పోస్టు చెరిపేశాడు, ఎందుకని అడిగితే వారం రోజులు మ్యూట్ చేశాడు. "ఆడేటి మోడ్ రా బావా, నవాబు" అని తిట్టుకోవడంతో ఆ రాత్రి చర్చ ముగుస్తుంది. మోడరేటర్లను అడిగితే వాళ్ళ కథ వేరే ఉంటుంది: జీతం లేదు, నిద్ర లేదు, రోజూ అవే దొంగ ఖాతాలు, అవే బూతులు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. అయినా తగువు తెగకపోవడానికి మనుషుల మంచిచెడ్డల కంటే ఆట నిర్మాణమే ఎక్కువ కారణం అని నా అభిప్రాయం. ఆట లోపల ఆటగాడు పాలకుడు. రాజ్యాంగం రాస్తాడు, కోర్టు పెడతాడు, ఎన్నికల్లో నిలబడతాడు. ఆట బయట మాత్రం ఎవరిదో వెబ్‌సైట్‌లో ఒక ఖాతాదారు. లోపల నేర్చుకున్న హక్కులు, విచారణ, అప్పీలు అనే మాటలనే పట్టుకుని బయట మోడరేటర్ ముందు వాదనకు దిగుతాడు. ఆ మోడరేటర్ దగ్గర ఉన్నవి సైట్ నిబంధనలు మాత్రమే.

అసలు ఆటలో అంపైర్‌కి ఎంత అధికారం ఉండాలన్న చర్చ కంప్యూటర్ పుట్టక ముందుది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి మ్యాపులు, పాచికలు, లెక్కల పట్టికలతో యుద్ధం ఆటను తయారుచేశాడు. ఇరుపక్షాలు తమ ఆజ్ఞలు కాగితం మీద రాసి అంపైర్‌కిస్తాయి. ఎవరి దళం ఎక్కడిదాకా వెళ్ళింది, ఎవరికి ఏం కనపడింది అన్నది అంపైరే చెబుతాడు. కాలక్రమంలో పట్టికలు పెరిగిపోయి ఆట నత్తనడక పట్టింది. 1876లో వెర్డీ దు వెర్నువా అనే జనరల్ ఆ పట్టికలు, పాచికలు పక్కన పెట్టి, అనుభవమున్న అంపైర్ తన బుద్ధితో తీర్పు చెబితే చాలన్నాడు. ఆట వేగం పెరిగింది. కానీ ఓడిన అధికారికి కొత్త సాకు దొరికింది: పట్టిక మీద కోపం తెచ్చుకోలేం గానీ మనిషి మీద తెచ్చుకోవచ్చు కదా.

కథ రాసుకుంటూ ఆడే దేశాల ఆటల్లో ఈ చిక్కు ఎలా ఉంటుందో మన ఉదాహరణతోనే చెప్పవచ్చు. 1757 జనవరి నాటి బొబ్బిలి యుద్ధాన్నే ఆడుతున్నారనుకుందాం. ఒకరు విజయనగరం పూసపాటి వారి పక్షం, వారికి తోడుగా మరొకరు బుస్సీ ఫ్రెంచి సేన, ఇంకొకరు బొబ్బిలి. బొబ్బిలి ఆడే కుర్రాడు "ఫిరంగులకు నా కోట గోడ బీటలు కూడా వారలేదు" అని రాసేశాడు. అది చెల్లుతుందా? చెల్లదంటే చరిత్రలో జరిగిందే మళ్ళీ జరగాలి, ఇక ఆట దేనికి? చెల్లుతుందంటే రేపు విజయనగరం వాడు ఇంకో అద్భుతం రాస్తాడు. తన దేశాన్ని ఎవరూ ఓడించలేనట్టు రాసుకోవడాన్ని ఆటగాళ్ళు గాడ్‌మోడింగ్ అంటారు. ఏది అతి, ఏది కాదు అని తేల్చే మోడరేటర్ ఏ ఊరివాడన్నది మనవైపు మొదట అడిగే ప్రశ్న. బొబ్బిలివాడైతే ఒక పక్షానికి అనుమానం, విజయనగరం వాడైతే రెండో పక్షానికి. రాజాం వాడైనా తప్పించుకోలేడు, తాండ్ర పాపారాయుడు ఉన్న ఊరు అది.

అమెరికాలో ఈ సరదా 1960లలో ఊపందుకుంది. డిప్లొమసీ అనే బోర్డు ఆటను 1963 నుంచి ఉత్తరాల మీద ఆడించడం మొదలైంది. గేమ్‌మాస్టర్‌కి పోస్టులో ఆజ్ఞలు పంపితే అతను ఫలితాలు అచ్చేసి అందరికీ పంపేవాడు. 1969లో డేవిడ్ వెస్లీ ఒక కల్పిత జర్మన్ పట్నాన్ని పెట్టి, సైన్యాధికారులతో పాటు మేయర్ లాంటి పాత్రలు కూడా ఇచ్చి మిత్రులతో ఆడించాడు. ఆటగాళ్ళు వరుస లేకుండా తలో మూలకూ పోయి మంతనాలు చేసుకోవడంతో ఆట చెడిపోయిందనుకున్నాడు. వాళ్ళేమో మళ్ళీ ఎప్పుడని అడిగారు. పాత్ర ధరించి ఆడే ఆటలకు అది ఒక మొదలు.

అంపైర్ చేతికి మీట దొరికింది మాత్రం కంప్యూటర్‌తోనే. 1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టల్ కట్టిన మడ్ అనే అక్షరాల ప్రపంచంలో (బొమ్మలుండవు, అంతా టైపు చేసిన మాటలే) పైస్థాయి వాళ్ళను విజార్డ్‌లు అనేవారు. ఆటగాడిని వెలేయడానికి వాళ్ళు ఎవరినీ ఒప్పించక్కర్లేదు, ఒక కమాండ్ కొడితే సరి.

ఈ చరిత్రలో నేను అందరికంటే ముందు చదవమనేది లాంబ్డామూ కథ. పావెల్ కర్టిస్ అనే పరిశోధకుడు జెరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో 1990ల మొదట్లో నడిపిన అక్షరాల ఊరు అది. జనం పెరిగేకొద్దీ విజార్డ్‌ల దగ్గరకు రోజూ పంచాయితీలే. వాటితో విసిగి 1992 డిసెంబర్‌లో కర్టిస్ ఒక ప్రకటన చేశాడు: ఇకపై మేం యంత్రం మరమ్మతులు మాత్రమే చూస్తాం, మీ తగువులు మీరే తీర్చుకోండి. నిరంకుశుడు తనంతట తాను గద్దె దిగినట్టు కనిపించింది. కొన్ని నెలలకే, 1993లో, ఒక ఆటగాడు అందరూ చూస్తుండగా మిగతా వాళ్ళ పాత్రల మీద లైంగిక దాడి జరుగుతున్నట్టు రాశాడు. జనం కూడి గంటల తరబడి వాదించుకున్నారు. శిక్ష వేయాలని చాలామంది అన్నారు గానీ, వేసే అధికారం ఎవరికుందో తేలలేదు. చివరికి ఒక విజార్డ్ ఒంటరిగా నిర్ణయం తీసుకుని ఆ ఖాతాను తీసేశాడు.

ఆ తర్వాత కర్టిస్ అర్జీలు, ఓటింగ్ ప్రవేశపెట్టాడు. తగినన్ని సంతకాలు వచ్చి, ఓటింగ్‌లో నెగ్గితే విజార్డ్‌లు అమలు చేస్తారు. మధ్యవర్తులూ వచ్చారు. వాళ్ళ మీదా పక్షపాతం ఆరోపణలు వచ్చాయి. 1996 మేలో విజార్డ్‌లు మళ్ళీ పగ్గాలు తీసుకున్నారు. సాంకేతిక నిర్ణయం ఒకటి, సామాజిక నిర్ణయం ఒకటి అని విడదీయడం కుదరలేదని ఒప్పుకున్నారు. మూడున్నరేళ్ళలో రాచరికం, అరాచకం, ప్రజాస్వామ్యం, మళ్ళీ రాచరికం. ఇప్పటి మోడరేటర్ గొడవల్లో ఏ ఒక్కటి తీసుకున్నా ఈ నాలుగు మెట్లలో ఎక్కడో ఒకచోట ఆగి ఉంటుంది.

ఇక మన కుర్రాళ్ళకు బాగా తెలిసిన నేషన్‌స్టేట్స్. ఆస్ట్రేలియా రచయిత మాక్స్ బారీ తన నవల ప్రచారం కోసం 2002 నవంబర్‌లో దీన్ని మొదలుపెట్టాడు. నవల సంగతి మరిచిపోయి జనం ఆటను పట్టుకున్నారు. దేశాలన్నీ రీజియన్లుగా గుమిగూడతాయి. అంతర్జాతీయ సభలో చేరిన దేశాలు ఒకదానికొకటి మద్దతు తెలుపుకుంటాయి, ఎక్కువ మద్దతున్న దేశం ఆ రీజియన్‌కి డెలిగేట్, అంటే ప్రతినిధి, అవుతుంది. ఆ సభకు మొదట ఐక్యరాజ్యసమితి పేరే ఉండేది. అసలు సమితి నుంచి లీగల్ నోటీసు రావడంతో 2008లో వరల్డ్ అసెంబ్లీ అని మార్చారు.

డెలిగేట్ పదవి మద్దతు లెక్కతో వస్తుంది కాబట్టి, బయటి వాళ్ళు గుంపుగా దిగి సొంత డెలిగేట్‌ను నిలబెట్టి, స్థానికులను గెంటేయడం మొదలైంది. వీళ్ళు రైడర్లు. అడ్డుకునేవాళ్ళు డిఫెండర్లు. తొలి ఏళ్ళలో దాడి చేయవచ్చు గానీ హద్దు దాటకూడదన్న నియమం ఉండేది. ఆ హద్దు చూసేది మోడరేటర్లు. ఎవరు స్థానికులు, ఎవరు చొరబాటుదారులు, ఎంతమందిని గెంటితే అది ఆట, ఎంతమందిని గెంటితే అది విధ్వంసం అన్నవన్నీ వాళ్ళే తేల్చాలి. ప్రతి తీర్పూ ఒక పక్షానికి అన్యాయంగానే కనపడేది. మోడరేటర్లు కూడా ఆటగాళ్ళలోంచి వచ్చిన వాళ్ళే కాబట్టి పాత స్నేహాలు, పాత పగలు తవ్వి తీసేవారు.

2006లో దీనికి విరుగుడుగా ఇన్‌ఫ్లుయెన్స్ అనే లెక్క తెచ్చారు. ఒక రీజియన్‌లో ఎంతకాలం ఉన్నావు, ఎంత మద్దతు సంపాదించావు అన్నదాన్ని బట్టి దేశానికి పలుకుబడి పేరుకుంటుంది. ఎవరినైనా గెంటాలంటే ఆ పలుకుబడి ఖర్చుపెట్టాలి. పాతకాపును గెంటడానికి ఎక్కువ ఖర్చు, నిన్న వచ్చిన వాడికి తక్కువ. హద్దు ఎక్కడో ఇక కోడ్ చూసుకుంటుంది, మోడరేటర్ తీర్పు అక్కర్లేదు. వెర్డీ పట్టికలు పారేసి మనిషిని కూర్చోబెట్టాడు, వీళ్ళు మనిషిని లేపి పట్టిక పెట్టారు. నా లెక్కలో ఈ ఆటలన్నింటిలో ఇదే తెలివైన రాజకీయ సంస్కరణ.

గొడవలు అంతటితో ఆగలేదు, చోటు మార్చుకున్నాయి. కోడ్ తేల్చలేనివి మోడరేటర్లకు మిగిలాయి: తిట్లు, రెచ్చగొట్టడం, దొంగ ఖాతాలు. 2015లో డిస్కార్డ్ అనే చాట్ యాప్ వచ్చాక రాజకీయమంతా ఆట సైటు దాటి చాట్ సర్వర్లలోకి పోయింది. అక్కడ జరిగిన వేధింపుకి ఇక్కడ శిక్ష వేయాలా అన్నది మరో తెగని తగువు.

మోడరేటర్ల పక్షం నుంచి ఒక విషయం చెప్పకపోతే కథ ఒంటికాలి మీద నిలబడుతుంది. ఈ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లు. అమెరికా ఆన్‌లైన్ సంస్థ ఏఓఎల్ 1990లలో వేలమంది వాలంటీర్లతో చాట్ గదులు నడిపింది. ఇది ఉద్యోగమే, జీతం ఇవ్వాలని వాళ్ళు 1999లో కోర్టుకెక్కారు. 2010లో కోటీ యాభై లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. చిన్న ఆటల మోడరేటర్లకు ఆ దారీ లేదు. వాళ్ళకు దక్కే జీతమల్లా అధికారమే, అందుకే దాన్ని ప్రశ్నిస్తే అంత మంట.

శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళకు ఈ పాత తగువు మీద కొన్ని కొత్త ముళ్ళున్నాయి. అన్నిటికంటే పెద్దది నెట్‌వర్క్. నేషన్‌స్టేట్స్‌లో ఒక మనిషి ఎన్ని దేశాలైనా పెట్టుకోవచ్చు గానీ వరల్డ్ అసెంబ్లీలో ఒక్కటే ఉండాలి. 2006లో మొదలైన సైబర్ నేషన్స్ అనే ఇలాంటి మరో ఆటలోనైతే మనిషికి ఒకే దేశం. దొంగ ఖాతాలు పట్టడానికి చూసే ఆధారాల్లో ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్ కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబరు, ఒకటి. ఒక్కో ఇంటికి ఒక్కో కనెక్షన్ ఉన్న దేశాల్లో ఆ ఆధారం చాలావరకు పనికొస్తుంది. మన హాస్టల్లో అంతస్తు మొత్తానికీ ఒకే వైఫై. మొబైల్ డేటా వాడినా, కంపెనీలు ఒకే ఐపీ వెనక ఎంతోమందిని నడిపిస్తాయి. రూమ్మేట్లు ముగ్గురు ఒకే రాత్రి చేరి, ఒకే డెలిగేట్‌కి మద్దతిస్తే, బయట నుంచి చూసేవాడికి అది ఒకే మనిషి ఆడే మూడు వేషాల్లాగే ఉంటుంది. మేం ముగ్గురం నిజంగా ముగ్గురమే అని నిరూపించడం ఎలా? ఆధార్ కార్డు ఫొటో పంపుదామనే వాళ్ళుంటారు. దయచేసి పంపకండి.

గడియారం కూడా మనది కాదు. నేషన్‌స్టేట్స్ అప్‌డేట్, అంటే మద్దతు లెక్క తేలి డెలిగేట్ మారే వేళ, అమెరికా తూర్పు తీరం అర్ధరాత్రికి ఒకటి, మిట్టమధ్యాహ్నానికి ఒకటి జరుగుతుంది. మనకు ఉదయం తొమ్మిదిన్నరో పదిన్నరో, రాత్రి మళ్ళీ అదే వేళ. ఉదయం దాడి క్లాసులో పడుతుంది, రాత్రి దాడి హాస్టల్లో అందరూ ఒకే వైఫై మీద ఉన్నప్పుడు పడుతుంది. అనుమానానికి అంతకంటే మంచి ముహూర్తం లేదు.

భాష సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు వెటకారం మోడరేటర్‌కి అర్థం కాదు. ఎవరో దాన్ని బూతని రిపోర్ట్ చేస్తే అనువాద యంత్రం చెప్పిందే సాక్ష్యం. ఇలాంటి అర్జీలను కళాశాల డిబేట్ ధాటిలో వాదించి, జవాబు రాకముందే మరో నాలుగు పోస్టులు పెట్టి, కేసును చేజేతులా పాడుచేసుకునేవాళ్ళూ మనలో ఉన్నారు.

ఈ బాధలు పడలేక చాలా బృందాలు సొంత డిస్కార్డ్ సర్వర్లు పెట్టుకుని, సొంత మ్యాపు, సొంత నియమాలతో ఆడుకుంటున్నాయి. మోడరేటర్ ఇప్పుడు ఖండాంతరాల్లో లేడు, పక్క బెంచీలో ఉన్నాడు. తగువు ఇక్కడా ఉంది, ఇంకా దగ్గర్నుంచి. ఉదాహరణకి కళింగ ఎవరిది? గాంగుల రాజధాని కళింగనగరం మా ముఖలింగమే అని శ్రీకాకుళం కుర్రాడు అంటాడు. ఖారవేలుడి శాసనం మా భువనేశ్వర్ దగ్గరుందని ఒడిశా మిత్రుడు అంటాడు. ఇద్దరిదీ సాక్ష్యమే. మోడ్ ఎవరికిస్తే వాళ్ళు గొప్ప చరిత్రకారుడంటారు, రెండోవాళ్ళు సర్వర్ వదిలి పోతారు.

పైగా డిస్కార్డ్‌లో సర్వర్ పెట్టినవాడే యజమాని. లోపల ఎంత గొప్ప రాజ్యాంగం రాసుకున్నా, ఏ ఎన్నికలూ ఆ యజమానిని దించలేవు, తనంతట తాను అప్పగిస్తే తప్ప. అతను బీటెక్ అయ్యాక ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో పోతాడు, ఆ ఖాతా తెరవడం మానేస్తాడు. సర్వర్‌లో పార్లమెంటు సమావేశమై, యాజమాన్యం బదిలీ చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించి, ఆయన్ని ట్యాగ్ చేస్తుంది. జూనియర్లు రెండు వారాలు చూసి, జెండాలు డౌన్‌లోడ్ చేసుకుని కొత్త సర్వర్ తెరుస్తారు. ఈసారి యజమాని ఎవరన్న దాని మీద మొదటి రోజే ఓటింగ్ పెడతారు.