పిన్ను ఒకటే, పని ఒకటి కాదు: కేబుళ్ల గురించి అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళంలో కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేయడం నా పని. "చార్జింగ్ ఎక్కట్లేదు", "టీవీలో బొమ్మ రావట్లేదు", "కాపీ అవ్వడానికి పూట పడుతోంది" అంటూ తెచ్చేవాటిలో చాలావాటికి మెషిన్‌లో ఏ లోపమూ ఉండదు, తేడా వైరులో ఉంటుంది. ఆ మాట చెప్పేవాళ్లు లేక జనం కొత్త బ్యాటరీలు, కొత్త డిస్కులు కొనేస్తున్నారు. ఆ డబ్బు అలా పోతుంటే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: టైప్ సి అంటే అన్నీ ఒకటే. దూరిందంటే పని చేసినట్టే.

వాస్తవం: టైప్ సి అనేది పిన్ను ఆకారం, అంతే. 2014లో వచ్చిన ఈ పిన్నులో 24 కాంటాక్టులు ఉంటాయి గానీ, వైరు లోపల అన్నింటికీ తీగలు ఉండాలన్న నియమం లేదు. ఒకే మూత పట్టే రెండు సీసాల్లో ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరసనాయిలు ఉన్నట్టే ఇది కూడా. ఫోను పెట్టెలో వచ్చే కేబుళ్లు ఎక్కువగా యూఎస్‌బీ 2.0వి. అది 2000 సంవత్సరం నాటి ప్రమాణం, సెకనుకి 480 మెగాబిట్లు. ఐఫోన్ 15 ప్రోలో పోర్టు 10 గిగాబిట్లు అందుకుంటుంది, పెట్టెలో ఇచ్చిన కేబుల్ మాత్రం 480 మెగాబిట్లదే.

పెళ్లిళ్లకి వీడియోలు తీసే నరసన్నపేట కుర్రాడొకడు తన ఎస్ఎస్‌డీ పాడైందని తెచ్చాడు. "ఏటండీ, కొత్త డిస్కు, అప్పుడే పోయిందా?" అన్నాడు. డిస్కుకి తగిలించి ఉన్నది ఫోను చార్జింగ్ వైరు. దాంతో 50 జీబీ ఎక్కడానికి ఇరవై నిమిషాలు దాటుతుంది. డిస్కుతో పాటు వచ్చిన పొట్టి వైరు పెడితే రెండు మూడు నిమిషాల్లో అయిపోయింది. ఆ వైరు పొట్టిగా ఉందని సొరుగులో పడేశాడట.

పేర్లు పెట్టినవాళ్ల తప్పు కూడా చిన్నదేం కాదు. 2008లో యూఎస్‌బీ 3.0గా వచ్చినదాన్నే తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు. మూడింటి వేగమూ 5 గిగాబిట్లే. అమ్మేవాడికే తికమకగా ఉంటే కొనేవాళ్లకి ఏం తెలుస్తుంది? పెట్టె మీద ఆ నంబర్లు వదిలేసి, ఎన్ని జీబీపీఎస్ (సెకనుకి ఎన్ని గిగాబిట్లు), ఎన్ని వాట్లు అన్నవే చూడండి. రెండూ రాయని కేబుల్‌ని చార్జింగ్ వైరుగానే లెక్క వేసుకోండి.

అపోహ: ఎక్కువ వాట్ల చార్జరు పెడితే ఫోను కాలిపోతుంది.

వాస్తవం: మంచి పీడీ (పవర్ డెలివరీ, అంటే టైప్ సి ఫాస్ట్ చార్జింగ్ పద్ధతి) చార్జరు మొదట 5 వోల్టులే ఇస్తుంది. ఫోను ఎంత అడిగితే అంతకే పెంచుతుంది. 100 వాట్లదైనా భయం లేదు. పేరూ ఊరూ లేని చౌక చార్జరుకి భయపడాలి.

ఇక్కడా వైరే అడ్డుపడుతుంది. మామూలు టైప్ సి కేబుల్ 3 ఆంపియర్లే మోస్తుంది, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. 5 ఆంపియర్లు వెళ్లాలంటే పిన్ను లోపల ఈ-మార్కర్ అనే చిప్పు ఉండాలి. ఎచ్చెర్ల కాలేజీ పిల్లలు 100 వాట్ల ల్యాప్‌టాప్‌కి ఫోను వైరు పెట్టి, ప్లగ్గులో ఉన్నా బ్యాటరీ దిగిపోతోందని వస్తుంటారు. బ్యాటరీ మార్చక్కర్లేదు బాబూ, 100 వాట్లో, 240 వాట్లో అని ముద్ర ఉన్న కేబుల్ కొనుక్కోండి. కొన్ని ఫోన్లలో కంపెనీ సొంత ఫాస్ట్ చార్జింగ్ ఉంటుంది, దానికి మాత్రం వాళ్ల చార్జరు, వాళ్ల వైరే కావాలి.

అపోహ: టైప్ సి పోర్టు ఉంటే కన్వర్టర్ పెట్టి టీవీకి, ప్రొజెక్టర్‌కి కలిపేయొచ్చు.

వాస్తవం: ఆ పోర్టుకి బొమ్మ పంపే ఏర్పాటు కంపెనీవాళ్లు ఇచ్చి ఉండాలి. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉంటే వస్తుంది. గుర్తు లేకపోతే కన్వర్టర్ కొనేముందు మోడల్ నంబరు చూపించి అడగండి. పాత ప్రొజెక్టర్లకి ఇంకా 1987 నాటి వీజీఏ పోర్టే ఉంటుంది. అది అనలాగ్, ఇప్పటి టీవీల్లో ఉండే హెచ్‌డీఎంఐ డిజిటల్. మధ్యలో చిప్పున్న కన్వర్టర్ లేకుండా, అటో పిన్ను ఇటో పిన్ను ఉన్న ఉత్త వైరుతో బొమ్మ రాదు.

అపోహ: బంగారు పూత ఉన్న హెచ్‌డీఎంఐలో బొమ్మ బాగుంటుంది.

వాస్తవం: బాగుండదు. పూత చిలుం పట్టకుండా కాపాడుతుంది, అంతే. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో అయితే అది పనికొచ్చే మాటే.

అపోహ: పిన్ను లూజైతే పోర్టు పోయినట్టే.

వాస్తవం: ముందు టార్చి వేసి లోపలికి చూడండి. జేబులోని నూగు పోర్టు అడుగున చేరి, మనం పిన్ను పెట్టిన ప్రతిసారీ నొక్కుకుపోయి, అట్టముక్కలా గట్టిపడుతుంది. పిన్ను చివరిదాకా వెళ్లక వదులుగా ఊగుతుంది. ఫోను ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో గోడల వెంబడి మెల్లిగా లాగండి. మధ్యలో ఉన్న పలుచని నాలుకకి తగలనివ్వకండి, కాంటాక్టులన్నీ దాని మీదే ఉంటాయి. గుండుసూది, పిన్నీసు అస్సలు పెట్టొద్దు. నూగంతా వచ్చాక కూడా ఊగుతుంటే అప్పుడు షాపుకి తీసుకురండి.