షాట్ పీనింగ్ సిమ్యులేషన్‌లో మెటీరియల్ మోడల్: అపోహలు – వాస్తవాలు

షాట్ పీనింగ్ అంటే చిన్న గుండ్లను (షాట్) వేగంగా కొట్టి లోహం పైపొరలో నొక్కుడు ఒత్తిడి మిగిలేలా చెయ్యడం. దాన్ని కంప్యూటర్‌లో లెక్కించేటప్పుడు లోహం ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే సూత్రమే మెటీరియల్ మోడల్.

అపోహ: టెన్సైల్ టెస్ట్ (లోహాన్ని సాగదీసే పరీక్ష) కర్వ్ ఒక్కటి ఉంటే మోడల్ సిద్ధమైనట్టే.

వాస్తవం: మామూలు టెన్సైల్ టెస్ట్‌లో స్ట్రెయిన్ రేటు (లోహం రూపు మారే వేగం) సెకనుకు 0.001 దగ్గర ఉంటుంది. సెకనుకు 50–70 మీటర్ల వేగంతో షాట్ తగిలినచోట అది లక్ష దాటగలదు. వేగం మాట అటుంచితే, దిశ మారడమే అసలు చిక్కు. గుండు దిగినప్పుడు నలిగిన లోహం, అది ఎగిరిపోయాక తిరుగుదిశలో ఒత్తిడికి లోనవుతుంది. పక్కనే ఇంకో గుండు పడితే దిశ మళ్లీ మారుతుంది. అలా మారిన ప్రతిసారీ లోహం మునుపటికంటే తక్కువ స్ట్రెస్‌కే లొంగుతుంది. దీన్నే బౌషింగర్ ప్రభావం అంటారు. ఐసోట్రోపిక్ హార్డెనింగ్ అంటే లోహం అన్ని దిశల్లో సమానంగా గట్టిపడుతుందనుకోవడం; అందులో దీనికి చోటే లేదు. అందుకే ఆ మోడల్ చూపే కంప్రెసివ్ రెసిడ్యుయల్ స్ట్రెస్ (లోహంలో మిగిలే నొక్కుడు ఒత్తిడి) చాలాసార్లు కొలతకంటే పెద్దదిగా వస్తుంది. రిపోర్టులో చూడ్డానికి బాగుంటుంది, ఫెటీగ్ (పదేపదే బరువు పడి లోహం విరగడం) లెక్కలో ముంచుతుంది.

షబోష్ తరహా కంబైన్డ్ హార్డెనింగ్ వాడండి; ఇది గట్టిపడటంతో పాటు దిశ మారినప్పటి మార్పునీ లెక్కిస్తుంది. దానికి స్ట్రెయిన్ కంట్రోల్‌లో టెన్షన్–కంప్రెషన్ సైక్లిక్ టెస్ట్ కావాలి: 0.5, 1, 1.5 శాతం ఆంప్లిట్యూడ్‌లు, బక్లింగ్ రాకుండా పొట్టి గేజ్. దిశ ప్రభావాన్ని చూపే బ్యాక్‌స్ట్రెస్ టర్మ్‌లు రెండు మూడు సరిపోతాయి. ఫిట్టింగ్ స్థిరపడిన సైకిల్ మీద కాక, మొదటి కొన్ని సైకిళ్ల మీద చెయ్యాలి. పీనింగ్‌లో ఒక బిందువు చూసేది కొద్దిపాటి దెబ్బలే. క్వెంచ్ చేసి టెంపర్ చేసిన స్టీల్ సైక్లింగ్‌లో మెత్తబడితే ఐసోట్రోపిక్ భాగం నెగెటివ్‌గా వస్తుంది. దాన్ని పొరపాటనుకుని సున్నా చెయ్యకండి.

అపోహ: గ్రేడ్ ఒకటే అయితే పేపర్లలోని జాన్సన్–కుక్ (స్ట్రెయిన్, రేటు, వేడిని బట్టి లోహం బలాన్ని లెక్కించే సూత్రం) స్థిరాంకాలు వాడుకోవచ్చు.

వాస్తవం: 4340 స్టీల్‌కి అందరూ వాడే విలువలు (792 మెగాపాస్కల్, 510 మెగాపాస్కల్, 0.26, 0.014, 1.03) రాక్‌వెల్ సీ 30 గట్టిదనం ఉన్న లోహానివి. మీ భాగం గట్టిదనం 50 అయితే అవి పనికిరావు. ఇంకో ఉచ్చు: వాటి రిఫరెన్స్ రేటు సెకనుకు 1. ఇన్‌పుట్ ఫైల్‌లో 0.001 అని పెడితే, లక్ష రేటు దగ్గర ఫ్లో స్ట్రెస్ (లోహం రూపు మారడానికి కావలసిన ఒత్తిడి) దాదాపు 8 శాతం పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా ఇవ్వదు.

అపోహ: ఆల్మెన్ ఆర్క్ హైట్ (పీనింగ్ తీవ్రత కొలవడానికి వాడే పలుచని పట్టీ వంగిన ఎత్తు) కలిసింది కాబట్టి మోడల్ సరైనదే.

వాస్తవం: ఆల్మెన్ స్ట్రిప్ 1070 స్ప్రింగ్ స్టీల్. అది కలిస్తే పీనింగ్ తీవ్రత దాదాపు సరిగ్గా ఇచ్చారని నమ్మొచ్చు. మీ భాగంలోని లోహం గురించి అది ఏమీ చెప్పదు.

అపోహ: షాట్ చేసిన గుంట నడిమధ్య నోడ్ (మోడల్‌లోని ఒక బిందువు) విలువని ఎక్స్-రే కొలతతో పోల్చితే చాలు.

వాస్తవం: క్రోమియం ట్యూబ్‌తో స్టీల్‌లో ఎక్స్-రే చూసే లోతు సుమారు 5 మైక్రాన్లే. కానీ అడ్డంగా అది ఎన్నో గుంటలు పట్టేంత మేర సగటు తీసుకుంటుంది. మీరూ అంత మేర, ఒక్కో లోతులో సగటు తియ్యాలి. గుంట వ్యాసానికి కనీసం 10 ఎలిమెంట్లు (మోడల్‌లోని చిన్న గళ్లు) ఉండాలి. లోపలి పొరల కొలతకు ఎలక్ట్రోపాలిషింగ్‌తో లోహం తీసినప్పుడు, ఆ తీసివేతవల్ల సడలిన స్ట్రెస్‌కి దిద్దుబాటు చేశారో లేదో ల్యాబ్‌ని అడగండి. చెయ్యకపోతే లోతుకు వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంది, ఆ తప్పు మోడల్ నెత్తిన పడుతుంది.