గుట్ట మీది చిట్టి గడ్డి

పిల్లలూ, మీ అందరికీ తాత ఆశీస్సులు.

"మన గుట్ట మీద ఏముంది తాతా, ఉత్త రాళ్ళే కదా" అని చిన్నోడు ఫోన్‌లో అన్నాడు. ఫోన్‌లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

నల్లగొండ చుట్టూ ఉన్న కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట లాంటివి గ్రానైటు గుట్టలు. ఈ రాయి పుట్టి సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఎండకూ వానకూ పరుపుబండ పొరలు లేచి, రాలిన పొడి గుంటల్లో, నెర్రెల్లో చేరుతుంది. దాన్ని మట్టి అనడమే ఎక్కువ, వేలెడు మందం కూడా ఉండదు. వాన పడితే కాసేపు చిత్తడి, ఎండ కాస్తే చెయ్యి పెట్టలేం.

మన దక్కన్ బండల మీద అలాంటి చోట బతికే గడ్డి ఒరోపీటియమ్ థోమియమ్. బెత్తెడు ఎదిగితే గొప్ప. కంకిని దగ్గరగా చూడండి: గింజలు బయటికి వేలాడవు, కాడలోనే గుంటలు చేసి పొదిగినట్టుంటాయి.

ఎండాకాలంలో ఇది ఎండిపోయి, ముట్టుకుంటే గలగలమంటుంది. వరి ఆకు అంతగా ఎండితే దాని కణాల పొరలు చిరిగిపోతాయి, తర్వాత ఎంత నీళ్ళు పెట్టినా లేవదు. ఇది మాత్రం తడి తగ్గేకొద్దీ కణాల్లో చక్కెరలు పెంచుకుంటుంది. ముదిరిన పాకంలా అవి చిక్కబడి, లోపలి పొరల్ని, ప్రొటీన్లని చెదరకుండా పట్టి ఉంచుతాయి. వాన పడ్డాక ఒక రోజులోనే పచ్చబడుతుంది. నిజానికి ఎండి కూడా ప్రాణం నిలుపుకునే విద్య వడ్ల గింజకూ ఉంది, కానీ మొలకెత్తాక వరి దాన్ని వాడుకోలేదు. ఈ గడ్డికి ఆకుల్లోనూ ఆ విద్య పనిచేస్తుంది. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం ఇదే.

2015లో శాస్త్రవేత్తలు దీని జన్యుక్రమాన్ని చదివారు. డీఎన్‌ఏలో వరసగా ఉండే రసాయన అక్షరాలు దీనికి సుమారు 24.5 కోట్లు, వరికి దాదాపు 40 కోట్లు. గడ్డి జాతుల్లో ఇంత చిన్నది అరుదు. కరువుకు తట్టుకునే పంటల కోసం వెతికేవాళ్ళకు ఇది చాలా విలువైనది.

ఒక మాట గట్టిగా చెప్తాను. గుట్టను పచ్చగా చేద్దామని బండ మీద ట్రాక్టర్లతో మట్టి పోయకండి. మట్టి దొరికితే పెద్ద గడ్డి ఎదిగి దీన్ని కమ్మేస్తుంది. ఆ పలచటి పొడే దీనికి రక్షణ. ఇక క్రషర్ వస్తే బండే ఉండదు.

ఈసారి సెలవులకు వచ్చినప్పుడు భూతద్దం తెచ్చుకోండి. ఎండిన కుదురు ఒకటి చూసుకుని, పీకకుండా, సాయంత్రం చెంబెడు నీళ్ళు పోసి మర్నాడు సాయంత్రం మళ్ళీ చూద్దాం.

మీ తాత