గేటు లోపల పోయిన జాగ: పాలమూరు కాలనీల్లో పార్కింగ్ తగాదాల వెనుక కథ

పాలమూరు అని పిలుచుకునే మహబూబ్‌నగర్ కాలనీల్లో ఇంటి ముందు కారు ఎవరు నిలపాలన్న తగాదా మళ్ళీ రాజుకుంది. గేటుకు అడ్డంగా బండి పెట్టి పోయారని ఇంటివారు, రోడ్డు మీద రాళ్ళూ డ్రమ్ములూ పూలకుండీలూ పెట్టి వీధినే సొంతం చేసుకున్నారని ఎదుటివారు మాటా మాటా అనుకుని, చివరికి పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతున్నారు. నల్లగొండలోనూ వనపర్తిలోనూ ఇదే వరస. కార్లు పెరిగాయి, రోడ్లు పెరగలేదన్నది అందరికీ తెలిసిన సంగతే కనుక దానిని ఇక్కడ విస్తరించడం అనవసరం. నూట యాభై, రెండు వందల గజాల ప్లాటులో, ఒక కారు నిలిపే జాగ వదిలి కట్టుకున్న ఇంటివారి కారు కూడా ఇవాళ వీధిలో ఎందుకు ఉంటోందన్నదే అసలు ప్రశ్న.

దానికి జవాబు కారు నిలిపే పోర్టికో కిరాయికిచ్చే పోర్షన్‌గా మారిన కాలంలో ఉంది. పాలమూరుకు 2008లో విశ్వవిద్యాలయం వచ్చింది. 2016లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అదే ఏడాది అక్టోబరు 11న పాత జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయినప్పుడు, కార్యాలయాలు తరలిపోతే ఊళ్ళో కిరాయిలు పడిపోతాయని ఇంటి యజమానులు భయపడ్డారు. కానీ విద్యార్థులు, నర్సులు, ల్యాబుల్లో పనిచేసేవారు, చుట్టుపక్కల మండలాల నుంచి పిల్లల చదువుల కోసం వచ్చిన కుటుంబాలు ఆ లోటును పూడ్చడమే కాదు, ఒక్క గది దొరికినా చాలనే స్థితిని తెచ్చారు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లోనే వచ్చినా, వైద్య కళాశాల 2019లో గాని రాలేదు కాబట్టి అక్కడ ఇదే మార్పు కొంత ఆలస్యంగా నడిచింది. కారు నిలిపిన జాగ నెలకు ఒక్క రూపాయీ తేదు. అదే జాగకు మూడు వైపులా గోడ లేపి, మూలన ఒక బాత్రూం కడితే నెలనెలా కిరాయి వస్తుంది. పెద్ద రోడ్డును ఆనుకున్న ఇళ్ళలో గోడకు బదులు షటర్ వచ్చింది. లోపల కుట్టుమిషనో, కిరాణమో, ఫోన్లు బాగుచేసే దుకాణమో వెలిసింది. అప్పటిదాకా పోర్టికో కింద ఉన్న యజమాని కారు గేటు దాటి బయటికి వచ్చింది. దాని వెనుకే కొత్తగా దిగిన కిరాయిదారుల బండ్లూ వచ్చి చేరాయి.

ఇలా చేయరాదని చట్టం ముందే చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 భవన నిర్మాణ నిబంధనల్లో, పార్కింగ్‌కు చూపిన జాగను మరో పనికి వాడితే ఆ కట్టడాన్ని అధికారులు అప్పటికప్పుడే తొలగించాలని స్పష్టంగా ఉంది. ఆ వాక్యానికి భయపడేవారు లేకపోవడానికి కారణం అంతకు నాలుగేళ్ళ ముందటిది. 2007 డిసెంబరు 31న అక్రమ కట్టడాలను రుసుము తీసుకుని క్రమబద్ధం చేసే పథకం వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక 2015 నవంబరులో అటువంటిదే మరొకటి వచ్చి కోర్టు వివాదంలో చిక్కుకుంది. ముందు కట్టేసి తరువాత డబ్బు కట్టుకోవచ్చన్న ధైర్యం మేస్త్రీల దాకా, సామాన్య గృహస్థు దాకా దిగింది ఈ పథకాల వల్లనే.

ఆపై 2020లో ఇళ్ళ అనుమతులను ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది. 75 గజాల లోపు ప్లాటులో జీ ప్లస్ వన్ (నేల అంతస్తు, దాని మీద మరొకటి) దాకా ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల వరకు, పది మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. 500 చదరపు మీటర్లంటే దాదాపు ఆరు వందల గజాలు; మన కాలనీల్లో అంతకంటే పెద్ద ఇంటి స్థలం అరుదు. అనుమతి కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తప్పించిన ఈ చట్టాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. ధ్రువీకరణకు విరుద్ధంగా కడితే నోటీసు లేకుండా కూల్చే అధికారమూ అందులోనే ఉంది. అయితే ప్లాన్‌లో గీసిన పార్కింగ్ నేల మీద నిలిచిందా లేదా అన్నది ఇల్లు పూర్తయిన రెండేళ్ళకో మూడేళ్ళకో చూస్తే గాని తెలియదు. అప్పుడు వెళ్ళి చూసేవారు లేరు.

యజమానుల వాదన తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, గేటు ముందు అడ్డంగా నిలిచిన కారు ఎవరిదో తెలియక వీధంతా తలుపులు తట్టవలసి రావడం నిజంగా భయంకరం. అందుకే రాళ్ళు పెడుతున్నామని వారంటారు.

కిరాయిదారుల పక్షం ఇంతగా వినబడదు; కాలనీ సంఘం సమావేశాలకు వారిని పిలవరు కనుక వారి మాట అక్కడ నమోదే కాదు. ఇల్లు చూపించేటప్పుడు బండికి జాగ ఉందా అని అడిగితే, గల్లీలో ఎక్కడైనా పెట్టుకోవచ్చన్న జవాబే వారికి వస్తుంది. చేరిన మరునాటి నుంచి ఏ ఇంటి ముందు పెట్టినా ఆ ఇంటివారు లేచి వస్తారు. ఒకరి గోడకు అవతల నిలిపితే గాలి తీస్తారు, మరొకరి చెట్టు కింద నిలిపితే అద్దం మీద గీతలు పడతాయి. తాము నిద్రపోతున్న గదే ఒకప్పటి కారు జాగ అని, దానికి తామే కిరాయి కడుతున్నామని వారికి తెలుసు. అయినా ఇల్లు ఖాళీ చేయమంటారన్న భయంతో ఆ మాట పైకి అనలేరు.

దీనికి ర్యాంపులు తోడయ్యాయి. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుంది, కొత్త ఇంటి పునాది అంతకు మించి లేస్తుంది, మోరీ (మురుగు కాలువ) మీదుగా ర్యాంపు రోడ్డులోకి సాగుతుంది. ఇరువైపులా నాలుగేసి అడుగుల ర్యాంపులు ఉంటే ముప్పై అడుగుల వీధిలో మిగిలేది ఇరవై రెండు. కారు వెడల్పు దాదాపు ఆరడుగులు. రెండు వైపులా కార్లు నిలిస్తే పది అడుగులే దారి. అదే ఇరవై అడుగుల గల్లీలో ఒక్క వైపే కారు నిలిచినా మిగిలేది ఆరడుగులు; అందులో 108 అంబులెన్స్ పట్టదు. ఆ ర్యాంపు వేసిన చేతులే మోరీ పూడిక తీయడానికీ వీలు లేకుండా చేశాయి.

గేటుకు అడ్డంగా వాహనం నిలపడం 1989 నాటి రహదారి నిబంధనల్లోనే నిషిద్ధం. నిషేధించిన చోట నిలిపిన బండిని, బహిరంగ స్థలంలో పది గంటలకు పైగా వదిలేసిన బండిని తరలించే అధికారం మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ పోలీసులకు ఇచ్చింది. ప్రజల దారికి అడ్డం కలిగిస్తే పాత శిక్షాస్మృతిలో జరిమానా రెండు వందల రూపాయల లోపే. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ దానిని అయిదు వేల దాకా పెంచింది. రోడ్డు మీది రాయి, గొలుసు, డ్రమ్ము కూడా అడ్డమే. గేటు వెడల్పు మేర దారి అడిగే హక్కు ఇంటివారికి ఉంది. గోడ పొడవునా ఉన్న వీధి మాత్రం వారిది కాదు. ఫిర్యాదుల్లో ఈ రెండూ కలిసిపోయి కనిపిస్తాయి.

మర్యాద పూర్తిగా పోయిందనడం సరికాదు. పెళ్ళికో దావత్‌కో టెంటు వేసేవారు ముందురోజే ఇంటింటికీ చెప్పి బండ్లు తీయించడం, కారు అద్దం వెనుక ఫోన్ నంబరు రాసి పెట్టడం, చెత్త ఆటో వచ్చే వేళకు మూలమలుపు ఖాళీగా ఉంచడం పాత కాలనీల్లో ఇంకా ఉన్నాయి. అవి నిలిచినచోట పోర్టికోలు కూడా చాలావరకు నిలిచే ఉన్నాయి.

2025 ఆరంభంలో మహబూబ్‌నగర్ నగరపాలక సంస్థ అయింది. ప్రతి వర్షాకాలానికి ముందు మోరీల పేరుతో ర్యాంపులు కొట్టాలా వద్దా అన్న చర్చ నడుస్తుంది. రాళ్ళు తీయించాలన్న వినతులు అందుతాయి. బీపాస్‌లో ఇచ్చిన ప్రతి అనుమతికీ ప్లాను కార్యాలయం దగ్గరే ఉంది, అందులో కారు జాగ ఎక్కడో గీసి ఉంది. ఒక్కొక్క వీధి తీసుకుని ఆ గీతను నేలతో సరిచూడాలన్న కోరిక ఇప్పటిదాకా ఏ పక్షం ఫిర్యాదులోనూ లేదు. చూస్తే మొదట బయటపడేది ఫిర్యాదు చేసినవారి ఇల్లే కావచ్చు.