దుంగను చూసి మిషన్ కొనండి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, పనస, కొబ్బరి తోటలకు తోటలే పడిపోయాయి. పడిన చెట్టంతా పొయ్యిలోకి పనికొస్తుందనుకుంటాం గానీ, గొడ్డలి పట్టినవాళ్ళకు తెలుస్తుంది తేడా. లావుపాటి సరుగుడు మొద్దు గట్టిదే అయినా నిలువునా ఇట్టే విచ్చుకుంటుంది. కొబ్బరి మొద్దులో గొడ్డలి దిగబడి ఊడిరాదు. కట్టెలు చీల్చే మిషన్ కొందామనుకునేవాళ్ళు షాపులో ముందుగా అడిగేది ‘ఎన్ని టన్నులు?’ అని, అంటే ఎంత బలంతో నెడుతుందని. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ఏ చెట్టు, ఎంత లావు, పచ్చిదా ఎండుదా అన్నవి తేలితే టన్నుల లెక్క దానంతటదే తేలుతుంది.

చెట్టు కాండంలో సన్నని నార గొట్టాలు నిలువునా సాగి ఉంటాయి. చీపురు కట్టను విరవడం కష్టం, పుల్లలు విడదీయడం తేలిక. కట్టె కూడా అంతే. నార వాటాన లాగితే ఎంతో బరువుకు ఆగుతుంది, అడ్డంగా విడదీస్తే అందులో చిన్న వంతుకే లొంగిపోతుంది. అందుకే చీల్చే గొడ్డలికి పదును కంటే బరువు, మందం ముఖ్యం. అంచు కాస్త దిగితే చాలు, వెనకున్న మందం రెండు వైపులా నెడుతుంది, పగులు అంచు కంటే ముందే పరుగెడుతుంది. ఆ తర్వాత గొడ్డలి కోసేదంటూ ఏమీ ఉండదు.

కోసి కొన్నాళ్ళు పడేసిన దుంగ ముఖం ఒకసారి చూడండి. నడిమధ్య నుంచి బెరడు వైపు కిరణాల్లా పగుళ్ళు కనిపిస్తాయి. ఎండేటప్పుడు కట్టె చుట్టుకొలత వైపు ఎంత ముడుచుకుంటుందో, మధ్య నుంచి బెరడు వైపు దాదాపు అందులో సగమే ముడుచుకుంటుంది. ఆ లాగుడుకే ఈ పగుళ్ళు. పైగా మధ్య నుంచి బయటకు సాగే సన్నని కణాల వరసలు ఆ దారిలో ముందే బలహీనంగా ఉంటాయి. దెబ్బ ఆ పగులు మీదే వేయాలి. మిషన్‌లో పెట్టినా చీల (దుంగను విడదీసే ముక్కోణపు ఇనుప దిమ్మ) అంచు ఆ గీతకు ఎదురుగా ఉండేట్టు దుంగ తిప్పుకోవాలి.

కొబ్బరికి ఈ ఏర్పాటే లేదు. అది గడ్డి జాతికి దగ్గరి చుట్టం. పెరుగుదల వలయాలు, కిరణాల్లాంటి ఆ కణాల వరసలు ఉండవు, నార కట్టలు కాండమంతా చెల్లాచెదురుగా ఉంటాయి. బయట రాయిలా, లోపల మెత్తగా ఉంటుంది. దాని కోసం మిషన్ కొనడం శుద్ధ దండగ.

టన్నులు నిజంగా అవసరమయ్యేది ముడుల దగ్గర, కొమ్మ చీలిన పంగ దగ్గర, నార మెలి తిరిగిన చింత, వేప మొద్దుల దగ్గర. అక్కడ చీల నారను విడదీయదు, తెంపాలి. హైడ్రాలిక్ మిషన్‌లో, అంటే ఆయిల్ ఒత్తిడితో పిస్టన్‌ను నెట్టే దానిలో, ఆ బలం వచ్చే లెక్క తేలికే: ఆయిల్ ఒత్తిడిని పిస్టన్ వైశాల్యంతో గుణించడమే. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న సిలిండర్‌లోకి 200 బార్ (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు) ఒత్తిడితో ఆయిల్ పంపితే సుమారు 16 టన్నుల తోపు వస్తుంది. అయితే బలమూ వేగమూ రెండూ ఊరికే రావు. 2 హెచ్‌పీ మోటారు 7 టన్నులతో నెట్టాలంటే, నష్టాలేవీ లేవనుకున్నా, సెకనుకు రెండు సెంటీమీటర్లే కదలగలదు. ‘బలంగానూ నెడుతుంది, స్పీడుగానూ నెడుతుంది’ అని అమ్మేవాడు చెబితే, పంపు రెండు అంచెలదా అని అడగండి. ఆ రకం దుంగ తగిలేదాకా వేగంగా వెళ్ళి, బరువు పడగానే నెమ్మదిగా గట్టిగా నెడుతుంది.

కరెంటు మిషన్ అయితే ఇంకో లెక్కుంది. ఈ మోటార్లలో తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. 230 ఉండాల్సిన చోట 180 వోల్టులే వస్తే మిగిలేది 61 శాతం. ఊరి చివర ఇంట్లో, సన్నని వైరు పెరట్లోకి లాగి నడిపితే మిషన్ మూలుగుతూ ఆగిపోవడం, మోటారు కాలిపోవడం అందుకే. ఆ ఊళ్ళలో ట్రాక్టరుకు తగిలించే మిషనే మేలు, అదీ నలుగురూ కలిసి కొనుక్కుంటే.

చవగ్గా దొరికే ఇంకో రకం ఉంది, తిరిగే శంకువు మీద మరలున్నది. దుంగను తాకిస్తే తనే లోపలికి దూసుకుపోయి చీలుస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది, ఇంట్లో మాత్రం వద్దు. మెడలో తువ్వాలు, లుంగీ అంచు, చీర కొంగు, దేన్నయినా చుట్టేసుకుంటుంది. లాక్కునే టైము మనిషికి ఉండదు. హైడ్రాలిక్ వాటిలో రెండు చేతులూ వేస్తేనే నడిచే రకం కొనండి. పని తొందరలో ఒక లివరును తాడుతో కట్టేయకండి.

భోగి మంటకు, చలికాలం నీళ్ళ పొయ్యికి మాత్రమే కట్టెలు వాడే ఇంటికి నా ఓటు బరువైన గొడ్డలి, రెండు ఇనుప చీలలు, ఒక సమ్మెట. తీరం వెంట తోటల్లో నరికే సన్నపు సరుగుడుకు అవీ అక్కర్లేదు, పొడవు కోసుకుంటే చాలు. పెళ్ళి వంటలు పట్టేవాళ్ళకు, హోటల్ నడిపేవాళ్ళకు మిషన్ ఖర్చు గిట్టుబాటవుతుంది.

ఏది వాడినా పచ్చిగా ఉన్నప్పుడే చీల్చండి. కట్టెలో తేమ సుమారు 30 శాతం కిందికి దిగాక నార గట్టిపడుతూ పోతుంది, అదే దుంగకు పెద్ద మిషన్ కావాల్సి వస్తుంది. చీల్చితే ఎండడమూ తొందరే. 20 సెంటీమీటర్ల లావు దుంగ చుట్టుకొలత 63 సెంటీమీటర్లు, అదీ నీటిని పోనివ్వని బెరడు. నాలుగు ముక్కలు చేస్తే బెరడు లేని మరో 80 సెంటీమీటర్ల అంచు గాలికి తెరుచుకుంటుంది. తేమ 20 శాతం లోపుకు రాని కట్టె తన వేడిలో కొంత నీళ్ళు మరిగించడానికే తినేసి, మిగిలింది పొగ పెడుతుంది. అక్టోబరు తుపానులో పడిన చెట్టును చలికాలంలోనే చీల్చి, నేలకు తగలకుండా, పైన మాత్రమే కప్పి పేర్చుకుంటే వచ్చే వానలకు ముందే పొయ్యిలోకి సిద్ధమవుతుంది.